గోడకి అంటించిన ఉత్తర్వు

మనవళ్లూ, మనవరాళ్లూ, నవ్వకుండా చదవండి. మొన్న అకాల వర్షానికి కల్లంలో ఆరబోసిన మిరపకాయ తడిసిపోయింది. నష్టపరిహారం అర్జీ కంప్యూటర్ ఫైలుగా ఇవ్వాలట, నేను వెళ్లిన రోజే ఆఖరు గడువు. మీరు నా పాత లాప్‌టాప్‌లో ఎక్కించిన ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, పెన్‌డ్రైవ్‌తో మండలాఫీసుకి వెళ్లాను.

గుమస్తా మొహం చిట్లించాడు. "ఇది మా కంప్యూటర్లో తెరుచుకోదు మామ్మగారూ. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో చేసుకురండి. ఊరికే వచ్చినవి ఇట్టాగే ఏడుస్తాయ్."

వెనకున్న రైతులు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. తలెత్తితే, అతని వెనక గోడకి ప్రభుత్వ ఉత్తర్వు అంటించి ఉంది. ఆఫీసులన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాలని, అందులో చేసిన ఫైళ్లు తీసుకోవాలని.

"మరి ఇదేంటి నాయనా?" మెల్లగా అడిగాను.

"అదాండీ? అంటించమన్నారు, అంటించాం. వాడమని ఎవరూ చెప్పలా."

ఈసారి రైతులు అతన్ని చూసి నవ్వారు. అతను మాడిన మొహంతో తెల్లకాగితం ఇచ్చాడు. అర్జీ చేత్తో రాసిస్తే తీసుకుని, దాన్నే రెండు వేళ్లతో గంటసేపు మళ్లీ టైపు చేశాడు.

అంత గొప్ప ఉత్తర్వు ఆ ఆఫీసులో చేస్తున్న పని ఒక్కటే. గోడకి పెచ్చు ఊడినచోటు కనపడకుండా కప్పుతోంది.