మామ కట్టిన నల్ల ముడి

మా మామ పోయాడన్న కబురు నాకు బొల్లారం వెళ్లే షేర్ ఆటోలో అందింది. ఒడిలో టిఫిన్ డబ్బా, పక్కటెముకల్లో ఎవరిదో మోచెయ్యి. ఫోన్లో అత్త ఏడవలేదు. "మీ మామ ఇగ లేడు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు, గంతే," అంది. మళ్లీ తనే, "కంపెనీవాళ్లకు చెప్పకు. ఒక్కడు గూడ దండ పట్టుకొని నా వాకిట్లకు రావొద్దు," అంది.

వచ్చారు. దండతోనే వచ్చారు. అత్త ఆ దండ తీసుకుని, వాళ్లు చూస్తుండగానే బయటికి నడిచి, వాళ్ల కారు బానెట్ మీద పరిచి లోపలికొచ్చింది. మామ మీద రాయాలని కూర్చుంటే ముందు నాకు గుర్తొచ్చింది ఆ దండే. అందుకే అక్కడ మొదలుపెట్టాను.

మామ మా అమ్మకు తమ్ముడు. ఇస్నాపూర్‌లో రేకుల కప్పు రెండు గదుల్లో ఉండేవాడు. ఇరవై ఏళ్లకు పైగా ఒక కెమికల్ కంపెనీ యాసిడ్ ట్యాంకర్ నడిపాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన కాగితం మీద ఇప్పటికే రాశాను. రెండేళ్ల క్రితం సరుకు దించుతుండగా ట్యాంకర్ వెనకాల వాల్వు ఊడి, మామ కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. కంపెనీ విచారణ చేసుకుని కారణం రెండు మాటల్లో తేల్చింది: డ్రైవర్ నిర్లక్ష్యం. ఆ రెండో మాట మామతోపాటు రెండేళ్లు మంచం మీద పడుకుంది, అతనితోపాటే పాడె ఎక్కింది. దాన్ని అక్కడినుంచి దించడమే ఇప్పుడు నాకు మిగిలిన పని.

ఆ నిర్లక్ష్యం మనిషి ఎలాంటివాడో చెబుతాను.

సెలవు దొరికితే మామ బండ్లు కట్టేవాడు. లారీలు, జీపులు, ఒకసారి పంటపొలాల మీద మందు చల్లే చిన్న విమానం. అన్నీ అసలు బండికి ఇరవైకి ఒకటి కొలతలో. అక్కడ మీటరుంటే ఇక్కడ అయిదు సెంటీమీటర్లు. భాగాలన్నీ కోసి డబ్బాలో పెట్టి అమ్మే కిట్లు ఉంటాయని నేను ఫోన్లో చూపిస్తే, "అన్నీ ఆళ్లే కోసిస్తే మనం చేసుడేంది? ఒండింది తినుడేనా?" అన్నాడు.

నాలుగించుల డ్రైనేజీ పైపు ట్యాంకు అయ్యేది. సన్న పైపును నిలువుగా చీల్చి, గ్యాస్ పొయ్యి మీద కాచి, అత్త రొట్టెల పీట కింద అణిస్తే చదునైన రేకు అయ్యేది. క్యాబిన్ తలుపులు దాంతోనే. ("మీ మామ లారీ వాసన రొట్టెలకు వస్తున్నది, తిను బిడ్డా," అనేది అత్త.) టైర్లు అరిగిన హవాయి చెప్పుల అట్టలు. వాటి మీద గాట్లు హాక్సా బ్లేడు ముక్కతో ఒక్కొక్కటే పెట్టేవాడు. ఇరుసులు గొడుగు ఊచలు. గాలి పైపులు పెన్ను రీఫిళ్లు. హెడ్‌లైట్ల అద్దాలకు మాత్రం మందుబిళ్లల షీట్లలో ఉబ్బెత్తుగా ఉండే ప్లాస్టిక్ బుడగలు. మా పారిశ్రామికవాడలో ఆ చెత్తకు ఎప్పుడూ కరువు లేదు.

వాటిని బొమ్మలంటే మామకు మండేది. పక్కింటాయన ఒకసారి, "అన్నా, బొమ్మ మస్తుగున్నది, మా పోరనికి ఇయ్యరాదె," అన్నాడు. మామ తల ఎత్తకుండానే, "బొమ్మ గాదు, బండి. మీ పోరనికి లైసెన్స్ ఉన్నదా?" అన్నాడు.

మామకు ఒక పద్ధతి ఉండేది. ఏ బండినీ కొత్తదానిలా కట్టడు. కొలిచిన రోజు అది ఎలా ఉందో అలాగే కట్టాలి. పటాన్‌చెరు లారీల అడ్డాకు టేపు, నోటుబుక్కు పట్టుకుని పోయి సొట్టలు, తుప్పు మరకలు, పగిలిన అద్దాలు కొలిచి రాసుకునేవాడు. తోటి డ్రైవర్లు, "ఏందే, పిల్లను చూడ వచ్చినోని లెక్క చూస్తున్నవ్," అని నవ్వేవాళ్లు. ఒకాయన బతిమాలుకున్నాడు: "గా సొట్ట వద్దే అన్నా, జెర నున్నగ చెయ్యి." మామ నోటుబుక్కు మూసేశాడు. "సొట్ట తీస్తే గది నీ బండి గాదు. ముందుగాల నీ బండికి తీపియ్యి. నేను మళ్లొచ్చి కొలుస్త."

కట్టడం అయ్యాక బండిని తిరగేసి, కింద సన్న అక్షరాలతో మూడు సంగతులు రాసేవాడు. కొలిచిన తేదీ, ఆ రోజు అసలు బండి మీటర్ రీడింగు, తన పేరు.

నాకు పని నేర్పింది మామే. డిగ్రీ చదివి, మూడు ఉద్యోగాలు పట్టి మూడూ వదిలేసిన నన్ను ఇంట్లో అందరూ తిట్టేవాళ్లు. మామ మాత్రం, "కోడలా, నీకు గ్లూ ఆరేదాక గూడ ఓపిక లేదు, ఉద్యోగమెట్ల ఆగుతది?" అనేవాడు. నిజమే. నేను తొందరపడి వొత్తిన క్యాబిన్ ఒకటి ఇప్పటికీ ఎడమకు ఒరిగి ఉంటుంది. మామ దాన్ని సరిచేయలేదు. అరలో ముందు వరసలో పెట్టాడు, వచ్చినవాళ్లందరికీ చూపించడానికి.

ప్రమాదానికి నాలుగు నెలల ముందు కంపెనీలో భద్రతా వారోత్సవం వచ్చింది. మామ చేతిపని సంగతి ఎవరో చెప్పగా, ప్లాంటు మేనేజరు పిలిపించి, మామ నడిపే ట్యాంకర్‌నే చేసి తెమ్మన్నాడు. మామ నెలన్నర కూర్చున్నాడు. చివరి రోజు నేను అక్కడే ఉన్నాను. అప్పటికి నాది డిగ్రీ చివరి ఏడాదే; మా కాలేజీ వీడ్కోలు సభలో మిగిలిన నల్ల బెలూన్లు నా సంచిలో ఉంటే ఒకటి అడిగి తీసుకున్నాడు. దాన్నుంచి దారంలాంటి పట్టీ కోసి, ట్యాంకు వెనకాల వాల్వు మెడకు మూడు చుట్లు చుట్టి ముడేశాడు.

"గిదేంది మామా?"

"సైకిల్ ట్యూబు. అసలు బండికి గట్లనే కట్టినం. ఆడ కారుతది."

"కారుతదని కంపెనీల చెప్పలేదా?"

"ట్రిప్పు బుక్కుల మూడుసార్లు రాసిన. సూత్తం అన్నరు."

"మరి ఎందుకు నడుపుతున్నవే?"

"నేను దిగితే ఇంకోడు ఎక్కుతడు. ఆనికి ఏడ కారుతదో గూడ తెల్వదు."

భద్రతా వారోత్సవానికి ఇస్తున్నావు, కనీసం దీన్నన్నా మంచిగా చెయ్యరాదా అన్నాను. "పెయింటు కింద దాసుడు నాకు రాదు," అన్నాడు.

మేనేజరు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, స్టీరింగు తిప్పి చూసి, ఫొటో దిగాడు. రిసెప్షన్‌లో అద్దాల పెట్టె చేయించి పెట్టాడు. కింద ఇత్తడి రేకు మీద చెక్కించాడు: "మా ట్యాంకర్‌కు అచ్చమైన నమూనా. ప్రతి వివరమూ యథాతథం." ఆ మాటల కింద ఆయన పేరే, ఆయన సంతకమే. మామ పేరు లేదు. నాకు ఒళ్లు మండింది. మామ నవ్వాడు. "నా పేరు కింద ఉన్నది గదా కోడలా. లేపి చూస్తె కనబడ్తది." వాళ్లు లేపి చూడలేదు. ఆ ట్యాంకర్ బాగుందని నెలనెలా రిజిస్టర్లో సంతకం పెట్టే మనిషి, దాని వాల్వు మెడకున్న ముడిని చేతుల్లో పట్టుకుని కూడా గుర్తుపట్టలేదు. అసలు వాల్వును ఎన్నడన్నా చూసి ఉంటే కదా.

విచారణ నివేదికలో ఇలా ఉంది: వాల్వులో అంతకుముందు ఏ దశలోనూ ఏ లోపమూ గమనించబడలేదు. ట్రిప్పు బుక్కు దొరకలేదట. మామ ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. అత్త ఆ కంపెనీ క్యాంటీన్‌లోనే వంట చేస్తుంది. మామ నోరు తెరిస్తే ఆ పనీ పోతుందని ఇద్దరికీ కంపెనీ మనిషి ఒకరు మర్యాదగా చెప్పి వెళ్లారు.

ఆ తర్వాత కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. బ్లేడు నేను పట్టేదాన్ని, కొలత మామ చెప్పేవాడు. కోస్తూ కోస్తూ నేను కంపెనీని తిడితే, "ముందు కొల్వు కోడలా. కోపం తర్వాత. కొల్వకుండ కోస్తె ముక్క పాడైతది," అనేవాడు. నాకు అది పిరికితనంలా వినిపించేది. ఒకసారి ఆ మాట మొహమ్మీదే అన్నాను. మామ ముడుచుకున్న వేళ్లతో నా చేతిలోని రేకును అర మిల్లీమీటరు పక్కకు జరిపాడు, అంతే.

చూడటానికి వచ్చిన కంపెనీ మనుషులను మాత్రం మామ ఒక్కటే అడిగేవాడు. "నా బండి అద్దాల పెట్టెల ఉన్నదా? దినాం తుడుస్తున్నరా?" ఉందనీ, తుడుస్తున్నారనీ చెబితే తృప్తిగా తలూపేవాడు. చెయ్యి కాల్చిన వాళ్ల గుమ్మంలో తన బండి ఉందని ఇంత మురిపెమేంటని నాకు లోలోపల కోపంగా ఉండేది.

దినాలు కాకముందే, అరలో బండ్ల మీది దుమ్ము తుడుస్తూ ఒకదాన్ని తిరగేశాను. తేదీ, మీటర్ రీడింగు, పేరు. అద్దాల పెట్టెలోని ట్యాంకర్ కింద కూడా ఇవే ఉంటాయి, ప్రమాదానికి ముందటి తేదీతో, పైన వాల్వుకు ఆ ముడితో. మామ రెండేళ్లూ మురిసిపోలేదు. కాపలా కాశాడు. ఆ బండిని వాళ్ల చేతులతోనే వాళ్ల గుమ్మంలో భద్రంగా దాయించుకున్నాడు.

పదకొండో రోజు మర్నాడు అత్త క్యాంటీన్ పని మానేసింది. "ఇగ నాకేం భయం, నడువు," అంది. ఇద్దరం వెళ్లాం. హెచ్ఆర్ అధికారి బాధ నటించడంలో మంచి పనివాడు. మామ గుర్తుగా ఆ బండి ఇప్పించమని అడిగాను.

"అదెలా కుదురుతుందమ్మా? అది కంపెనీ ఆస్తి. ఆడిట్‌కి వచ్చిన ప్రతివాళ్లూ మెచ్చుకుంటారు. ఒక్క స్క్రూ కూడా మార్చకుండా, ఆయన ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచాం."

"గదే మాట ఒక కాగితం మీద రాసియ్యండి సార్. అత్తకు నచ్చజెప్పుకుంట."

"దానిదేముందమ్మా," అన్నాడు. ఏ నంబరు బండి నమూనానో, ఏ రోజు అందిందో, నాటినుంచి ఏ మార్పూ లేకుండా ప్రదర్శనలో ఉందని టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర కూడా వేశాడు. ముద్ర సరిగా పడలేదని మళ్లీ వేశాడు. ఇద్దరం థాంక్స్ చెప్పాం. మనస్ఫూర్తిగానే.

"ఒక్కసారి ముట్టుకోనియ్యి సారూ," అంది అత్త. రిసెప్షన్ ఊడ్చి తుడిచే ఆమె తాళం తీసి, బండిని బిడ్డను ఎత్తినట్టు ఎత్తింది. అత్త కింద రాసిన పేరును వేలితో తడిమింది. నేను అన్ని వైపులా ఫొటోలు తీశాను. ఇత్తడి రేకు, కింది తేదీ, మీటరు అంకెలు, వాల్వు మెడకు మూడు చుట్లు తిరిగిన నల్ల ముడి. పక్కనే నిలబడ్డ హెచ్ఆర్ అధికారి, వెలుతురు సరిపోతుందా అమ్మా అని అడిగి ఇంకో లైటు వేయించాడు.

ఆ కాగితం, ఆ ఫొటోలు చేరాల్సిన చోటికి చేరాయి. కేసుకు వాయిదా తేదీ ఇచ్చారు. ఇది చదివి వాళ్లు పెట్టె ఖాళీ చేస్తే చెయ్యనీ. ఎందుకు తీశారో కూడా వాళ్లే చెప్పుకోవాలి, ఆ ముద్ర ఉన్న కాగితం ముందర నిలబడి. నిర్లక్ష్యం అనే మాట అచ్చంగా వాళ్ల పేరు పక్కన కూర్చునే దాకా నేను కదలను. గ్లూ ఆరేదాకా ఆగడం ఇప్పుడు నాకు వచ్చు మామా.

ఆ రోజు మేం వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి తుడిచే ఆమె అత్త చెయ్యి పట్టుకుంది. "అన్న అడుగుతుండె గదక్కా. ఒక్క దినం గూడ మర్వలే." మళ్లీ లోపలికి పోయింది. గాజు తలుపులోంచి చూశాను. న్యూస్‌పేపరు ఉండ చేసి, నీళ్లు చల్లి, మా వేలిముద్రలు పడ్డ అద్దాన్ని గుండ్రంగా, ఓపికగా తుడుస్తోంది. వాల్వు ఎదుట ఉన్న చోట, నల్ల ముడి బాగా కనబడేలా, ఇంకో రెండుసార్లు.