అప్ప లేని సాక్ష్యం

మా సంఘంలో సాక్ష్యం చెప్పమంటే అందరి కళ్లూ నా వైపే తిరిగేవి. అనంతగిరి కొండల్లో మా రేకుల చర్చి అయినా, కొత్తగా నమ్ముకున్నవాళ్ల ఇంటి అరుగు అయినా నాకు మైకు అక్కర్లేదు. పాస్టరుగారి వాక్యానికి కునికేవాళ్లు కూడా నా సాక్ష్యానికి లేచి కూర్చునేవారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియడమే నా కొంప ముంచింది.

సాక్ష్యం ఇదీ. ఇరవయ్యేళ్ల వయసులో మలేరియా నాకు తలకెక్కింది. ఇంట్లో కొండదేవతకు కోడిని కోశారు, జ్వరం దిగలేదు. ఇక పోతాననుకున్న పూట ప్రభువు నన్ను కొండ దింపి, ఆసుపత్రికి చేర్చి బతికించాడు. పక్క మంచం మీది పెద్దాయన నా కోసం ప్రార్థన చేశాడు, నేను నమ్ముకున్నాను. మొదట్లో ఇంకా పొడుగ్గా చెప్పేవాణ్ణి. ఎక్కడ స్తోత్రం అంటారో, ఎక్కడ నవ్వుతారో చూసుకుంటూ మిగతాది తీసేశాను. కోడి దగ్గర మాత్రం పెంచాను. కోడి పోయింది, జ్వరం పోలేదు అనేసరికి జనం పడీ పడీ నవ్వేవారు.

మా అప్ప, అంటే అక్క, నమ్ముకోలేదు. నాకంటే పదేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. కాఫీ పళ్లు కోస్తూ, ఒక్కసారి వచ్చి విను అప్పా అని ఏళ్ల తరబడి బతిమాలాను. ఆమెకూ రక్షణ దొరకాలన్నదే నా ఆశ, అందులో కపటం లేదు. చివరికి ఒక ఆదివారం వచ్చింది. సంతకు కట్టుకునే చీర కట్టుకుని, ఆడవాళ్లలో వెనక వరుసలో కూర్చుంది.

ఆమెను చూడగానే నాకు హుషారు పుట్టింది. అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. కోడి దగ్గర అందరూ నవ్వారు, అప్ప పక్కన కూర్చున్నావిడ కూడా. ఆ కోడి అప్పదే. ఇంట్లో ఇంకో కోడి లేక, గుడ్లు పొదుగుతున్నదాన్ని లేపి ఇచ్చింది. మాట నోట్లో ఉండగానే అది గుర్తొచ్చింది. అయినా ఆగలేదు.

కూడిక అయ్యాక ఆమె భోజనానికి ఉండకుండా దారి పట్టింది. వెనకాలే పరుగెత్తాను. ఆమె మొహంలో కోపం లేదు.

"ఆ దినం మగోలంతా సంతకెల్లిపోనారు. డోలీ కర్ర ఒక కొస నా బుజమ్మీదే ఉంది గదా తమ్ముడా. నీ కతలో నాను లేనేటి?"

కర్రకు దుప్పటి కట్టి రోగిని మోసే ఆ డోలీని మా వైపు ఆడవాళ్లు ఎత్తరు. అప్ప ఎత్తింది. రెండో కొస పక్కింటి ఆవిడకిచ్చి, వానలో రోడ్డు దాకా నన్ను దింపింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, ఆ బలం నీకిచ్చింది కూడా దేవుడే అప్పా అన్నాను. అప్పుడు కూడా ప్రసంగమే. ఆమె తలూపి వెళ్లిపోయింది. మళ్లీ మా చర్చి గడప తొక్కలేదు.

తర్వాత సిగ్గేసి వాళ్లింటికి వెళ్లాను. కోడి సంగతీ, డోలీ సంగతీ అన్నీ ఒప్పుకుని, తప్పయిపోయిందన్నాను. ఆమె చేటలో చోళ్ల గింజలు చెరుగుతూ విన్నది.

"నాకెందుకు సెప్తన్నావు? నాను అక్కడే ఉన్నాను గదా. ఆలకి సెప్పు," అంది.

చెబుదామనే ప్రతి ఆదివారం నిలబడ్డాను. ఎదుట మొహాలు చూడగానే పాతదే నోటికి వచ్చేది. ఇన్నాళ్లూ మాకు సగమే చెప్పావా అంటారని భయం. వచ్చే వారం అనుకుంటూ రెండేళ్లు గడిపాను. రెండో ఏటి వానల్లో అప్ప కామెర్లతో పోయింది.

ఆమెను మట్టిలో పెట్టిన మరుసటి ఆదివారం మొత్తం చెప్పాను. చర్చి అంతా ఏడ్చింది. ఎవరో సెల్లులో తీసి గ్రూపులో పెట్టారు. పాస్టరుగారు నా భుజం తట్టి, ఇన్నేళ్లలో ఇంత మంచి సాక్ష్యం నువ్వు చెప్పలేదన్నారు. ఇప్పుడు ఏ కూడికకు పిలిచినా అదే చెప్పమంటున్నారు.