పేరు కొట్టించని గిన్నె

మా అత్తయ్య ఏటా క్రిస్మస్‌కి పొదిలి నుంచి గుంటూరుకి బస్సులో వచ్చేది, ఒళ్ళో తువ్వాలు చుట్టిన స్టీలు సామానుతో. ఒక ఏడు బిందె, మరో ఏడు పాతికమందికి వండే గుండిగ. మా ఫ్లాట్‌లో ఉండేది ఇద్దరం. ప్రతిదాని మీదా నా పేరు, కింద 'ప్రేమతో అత్తయ్య' అని కొట్టించేది. ఆవిడకి చదువు రాదు. అక్షరాల మీద బొటనవేలు ఒకసారి నడిపి, సరిగ్గా పడ్డాయని నమ్మకం కుదిరాకే నా చేతికిచ్చేది.

"పేరుండబట్టి ఎవరికీ ఇవ్వడానికి కూడా లేదు," అని ఒక క్రిస్మస్ పొద్దున మా ఆయన దగ్గర విసుక్కున్నాను. వెనక్కి తిరిగితే ఆవిడ వంటింటి గుమ్మంలో ఉంది. చర్చికి టైమవుతోందని చీర మార్చుకోవడానికి వెళ్ళింది.

మరుసటి ఏడు చిన్న గిన్నె తెచ్చింది.

"దీని మీద పేరు కొట్టించలేదమ్మాయ్. ఎవరికన్నా ఇచ్చుకోవాలన్నా నీకు ఇబ్బంది ఉండదు," అంది. దెప్పుతూ అన్న మాట కాదది, నా ఇబ్బంది నిజంగానే ఆలోచించింది.

నేను చెయ్యి చాపాను. ఆవిడ వెంటనే ఇవ్వలేదు. అలవాటు కొద్దీ బొటనవేలు ఆ నున్నటి అంచు చుట్టూ తిరుగుతూ అక్షరాల కోసం వెతుకుతోంది.