ఎనిమిదో నెల పొలిమేర

నా చిన్నప్పుడు అంటే ఏ నిజాం కాలమో అనుకోకండి. తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు పదకొండేళ్లు. ఇప్పుడు షాద్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నాను, నాకూ ఒక పాప ఉంది. ఇంత చిన్నదానివి ముసలమ్మలా మాట్లాడతావేంటని కొందరు నవ్వుతారు గానీ, మా వాకిట్లో కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్లలకు నేనే పెద్దక్కను. కడుపుతో ఉన్నవాళ్లు నా దగ్గరికొచ్చి కూర్చుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్క రోజు సంగతే. ఎన్నిసార్లు చెప్పినా ఒళ్లు మండుతుంది. మండనీ.

మాది పాలమూరు వైపు గొర్ల కాపరుల ఇల్లు. మంద మా తాతది, ఇంట్లో పెత్తనం మా అవ్వది. మా నాన్న తమ్ముణ్ని చిన్నబాపు అనేవాళ్లం, ఆయన భార్యను నేను చిన్నమ్మ అనేదాన్ని. ఆమెకు తొలిచూలు. ఆనవాయితీ ప్రకారం ఏడో నెలలో తల్లిగారింటికి పంపాలి. కానీ అవి పత్తి ఏరే రోజులు. ఇంకో రెండు చేతులు ఉంటే పని తెములుతుందని మావాళ్లు ఆపారు. పైకి మాత్రం, పిల్ల మా కళ్ల ముందుంటే ఏం తక్కువ అన్నారు. ఎనిమిదో నెల రాగానే వాళ్లకు ఆచారాలన్నీ గుర్తొచ్చాయి. ఎనిమిదో నెలలో గర్భిణి ఊరి పొలిమేర దాటకూడదట. పత్తిచేను పొలిమేర లోపలే ఉంది కాబట్టి దానికి ఏ ఆచారమూ అడ్డం రాలేదు.

ఆ రోజు పొద్దున చిన్నమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ ఆగిపోయింది. చీర తడిసింది. సిగ్గుపడుతూ మా అమ్మ చెవిలో చెబితే, అమ్మ అవ్వకు చెప్పింది. బిడ్డ బరువుకు మూత్రం ఆగదు, అందరికీ అయ్యేదేనని అవ్వ తేల్చేసింది. చిన్నమ్మ చీర మార్చుకుంది. లేచి నిలబడగానే మళ్లీ కారింది. "మూత్రం గాదు అత్తమ్మా, నాకు తెలుస్తలేదా" అని ఆమె బతిమాలినట్టు అంటోంది. తన ఒళ్లు తనకు తెలియదని అందరూ కలిసి ఆమెకే నచ్చజెబుతున్నారు. చిన్నబాపు పని మీద హైదరాబాదులో ఉన్నాడు. మా అమ్మ దవాఖాన అనబోయి అవ్వ చూపు చూసి నోరు మూసుకుంది.

మధ్యాహ్నానికి ఇక మూత్రమని ఎవరూ అనలేకపోయారు. అది ఉమ్మనీరని అవ్వకూ అర్థమైంది. అయినా కదల్లేదు. "నొప్పులు రాలే గద. వచ్చినంక చూద్దాం. ఎనిమిదో నెలల పొలిమేర దాటిస్తే తల్లికీ బిడ్డకూ కీడు" అంది. పక్కింటి పెద్దమ్మ వచ్చి, ఏడో నెల బిడ్డయినా బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదని పెద్దగా నిట్టూర్చింది. చిన్నమ్మ గోడ వైపు తిరిగి పడుకొని, కడుపు మీద చెయ్యి తియ్యకుండా ఏడుస్తోంది. లోపల బిడ్డ కదులుతూనే ఉంది. ఆ బిడ్డ మీద వీళ్లు అప్పుడే ఆశ వదిలేసుకున్నారు! ఊరి ముసలి మంత్రసానిని పిలిచి చెయ్యి పెట్టి చూపిద్దామని కూడా అనుకున్నారు.

అంతలో తాత మంద దగ్గర నుంచి వచ్చాడు. అమ్మ వాకిట్లోనే ఎదురెళ్లి సంగతంతా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. తాత కోప్పడలేదు. కాళ్లు కడుక్కొని, అరుగు మీద కూర్చొని, అవ్వను పిలిచి తాపీగా ఒక మాట చెప్పాడు. "తొలిసూరు గొర్రెకు పొద్దుగాల్నుంచి నీళ్లు పోతున్నయే. నొప్పులు లేవు. నెలలు గూడ నిండలే. రేపటిదాంక సూద్దామా?"

అవ్వ ఒక్క ఉదుటున లేచింది. "నీకేమన్న మతి పోయిందా? నీళ్లు పోయినంక ఊకుంటరా? లోపల పిల్ల సస్తది, చీము వట్టి తల్లీ సస్తది. జల్ది పో, పశువుల డాక్టర్ను తోల్కరా!"

"డాక్టర్ ఈడికి రాడు, మనమే తీస్కపోవాలె. పొలిమేర దాటాలె. గా గొర్రె లోపల గోడకు తిరిగి పండుకున్నది, పో, లేపు."

అవ్వ లోపలి గది గుమ్మం వైపు చూసింది. పక్కింటి పెద్దమ్మ మెల్లగా జారుకుంది. మా అమ్మ అప్పటికే కొంగు చాటున ఫోన్ పట్టుకొని 108కి చెబుతోంది. అవ్వ, "దారిల ఏమన్న అయితే పాపం నీదే" అని గొణిగింది. "నాదే, నా మీదనే ఎయ్యి" అన్నాడు తాత. అవ్వ లోపలికెళ్లి ఉతికిన పాత బట్టలు సంచిలో కుక్కుకొని, చిన్నమ్మ చెయ్యి పట్టుకొని తానే 108 బండెక్కింది. మా అమ్మా వెంట వెళ్లింది.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ మొదట అడిగింది నీళ్లు ఎప్పటినుంచి పోతున్నాయని. పొద్దున నుంచని విని అవ్వను చూసిన చూపు గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఎవరూ చెయ్యి పెట్టి చూడకపోవడమే మేలైంది, లేకుంటే లోపలికి చీము చేరేదని చెప్పిందట. వెంటనే కాన్పు చెయ్యలేదు. చీము పట్టకుండా సూదిమందు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంకో సూదిమందు ఇచ్చి, చిన్నమ్మను అక్కడే ఉంచుకున్నారు. జ్వరం వస్తుందా, నీళ్ల రంగు మారుతుందా, వాసన వస్తుందా, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటుందని రోజూ చూశారు. కడుపులో గడిచే ఒక్కో రోజూ బిడ్డకు బలమేనన్నారు. వారం దాటాక నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచి ఇంటికి పంపారు. నిలవదన్న ఆ ఎనిమిదో నెల బిడ్డ ఇప్పుడు హైస్కూల్లో కబడ్డీ ఆడుతోంది.

అందరూ తాత తెలివిని మెచ్చుకొని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. అవ్వకు తెలియక కాదు కదా! గొర్రె విషయంలో ఆమెకు నొప్పులూ గుర్తు రాలేదు, నెలలూ గుర్తు రాలేదు. బతికించుకోవాలన్న తొందర ఒక్కటే గుర్తొచ్చింది. కోడలు పొద్దుటి నుంచి అదే మాట చెబుతుంటే వినపడని చెవులు, గొర్రె పేరెత్తగానే ఎలా తెరుచుకున్నాయి? అవ్వ చెడ్డ మనిషి కాదు. ఆ పాపను ఆమే ఒళ్లో పెట్టుకొని పెంచింది. మంచివాళ్ల ఇంట్లోనే ఇలా ఉంటే ఇక మిగతావాళ్ల సంగతేంటని నాకు ఇంకా కోపం.

మొన్నామధ్య మా పక్క గదిలో కొత్తగా దిగిన పిల్ల, తడిసిన చీరతో తలుపు దగ్గర నిలబడి, "అక్కా, నీళ్లలెక్క పోతాంది, నొప్పులైతే లేవు, మా అత్తమ్మ జర ఆగుమంటాంది" అంది. నేను ముందు 108కి ఫోన్ చేశాను. ఎన్నో నెల అని ఆ తర్వాత అడిగాను.