జల్లెడ లాకెట్టుతో అబిడ్స్‌కి

వికారాబాద్‌లో ఉదయం ఏడున్నర బండి ఎక్కాను. రెండో శనివారం, బడికి సెలవు. మూడు నెలలుగా హైదరాబాద్ వెళ్లాలనుకుంటూనే ఉన్నాను. ఇన్నాళ్లూ ఆగింది సెలవు దొరక్క కాదు, ముఖం చెల్లక.

నా మెడలో రూపాయి బిళ్లంత వెండి జల్లెడ ఉంది. అబిడ్స్‌లో రాజలింగం అనే కంసాలి చేతిపని. వంటింటి సామాన్లనే ఆయన వెండి నగలుగా చేస్తాడు: అట్లకాడ జుంకాలు, చాట ఉంగరం, జడలోకి కవ్వం. పోయినేడు స్వయంగా వెళ్లి కొనుక్కున్నాను.

శంకర్‌పల్లిలో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దామె దవాఖానకు పోతోందట. లాకెట్టు వంక చూసి, "జల్లెడే గదా? మా బిడ్డ గూడ కొన్నది. వికారాబాద్‌ల అగ్గువకే దొరుకుతున్నయి," అంది.

కిటికీ వైపు తిరిగాను. ఆ చవక జల్లెడలకు కారణం నేనే. నా స్నేహితురాలు సుజాతకు మా ఊళ్లో నగల దుకాణం ఉంది. "రెండ్రోజులు పెట్టుకొని ఇస్తనే," అంటే మురిసిపోయి ఇచ్చాను. ఆమె దానికి అచ్చు తీయించి, పోత పోయించింది. నాకు తెలిసేసరికి దుకాణం అద్దాల వెనక అచ్చం అలాంటి జల్లెడలే వరసగా వేలాడుతున్నాయి. స్నేహం చెడుతుందని నోరు మెదపలేదు.

తొమ్మిదింబావుకు నాంపల్లిలో దిగాను. స్టేషన్ బయట ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. అబిడ్స్‌కు ఆటో అక్కర్లేదు, పావుగంట నడక. లాడ్జీల ముందు నుంచి, సూట్‌కేసుల దుకాణాల ముందు నుంచి నడిచిన నాకు ఆ రోజు అరగంట పట్టింది.

మేడ మీద చిన్న గది. రాజలింగం ఎవరివో కాళ్ల పట్టీలకు ఊడిపోయిన మువ్వలు గ్యాస్ మంటతో అతుకుతున్నాడు.

"రాండ్రి టీచరమ్మా! చానా రోజులకొచ్చిన్రు," అన్నాడు. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చింది.

"జల్లెడలు చేస్తలేరా అన్నా?"

"బందు వెట్టిన. మొన్న చేతిపనుల మేళాల ఇద్దరు ఆడోళ్లొచ్చి, ఏదో దుకాణంల చూసి నకలు కొట్టినవా అన్నరు. శరమనిపించి, తల వంచుకొని అన్నీ సదురుకొని వచ్చిన. గిప్పుడు గీ రిపేర్లే."

ఆ మాటతో ఇక దాచలేకపోయాను. సుజాత సంగతి మొదటి నుంచీ చెప్పేశాను. ఆయన మంట ఆర్పి చెయ్యి చాపాడు. లాకెట్టు తీసి ఇచ్చాను. కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు.

"మా ఇంటామె జల్లెడ ముంగట వెట్టుకొని, ఒక్కో బెజ్జం చేత్తోని కొట్టిన," అన్నాడు.

"నేను పోయి ఆపిస్త అన్నా. మీరు మళ్ల చెయ్యున్రి. పది నేనే తీసుకుంట."

"గిప్పుడు జేస్తే నేనే నకలోన్ని అయిత."

గుమ్మంలోంచి ఆయన భార్య అందుకుంది. "కొత్తయి మస్తు గీసిండు. ఆ బుక్కుల ఉన్నయి. టీచరమ్మకు చూపియ్యరాదు?"

ఆయన బల్ల మీదున్న పుస్తకంపై చెయ్యి పెట్టాడు. "వద్దు," అన్నాడు, చాలా మెల్లగా.

లాకెట్టు మాత్రం తిరిగి నా చేతిలో పెట్టాడు. మెట్ల దాకా వచ్చి, "ఎరుక లేక ఇచ్చిన్రు, దానికి ఫికర్ లేదు. ఎరుకైనంక గూడ చెప్పకపోతిరి. గదే కష్టమైంది," అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే, "నా పత్తా ఎవలకియ్యకున్రి. ఎండల పోతున్నరు, జర పైలం," అన్నాడు.

నాంపల్లిలో రెండింటి బండి దొరికింది. అన్నం సయించక అరటిపండు తిన్నాను. లింగంపల్లి దాటాక సుజాతకు ఫోన్ చేసి, ఆ జల్లెడలు ఇక అమ్మొద్దన్నాను.

"లోకంల అందరు చేసేదే గదనే. ఉన్న స్టాకు అమ్ముడుపోనీ," అంది.

"రేపే తియ్యి. లేకుంటే అది ఎవరి పనో నీ షాపు ముందు నిలబడి చెప్త," అన్నాను. ఫోన్ పెట్టేసింది. ఏ స్నేహం కోసం నోరు మూసుకున్నానో అది ఆ మాటతోనే పోయింది.

ఎక్కడికి వెళ్లొచ్చినా, వెనక వచ్చేవాళ్ల కోసం దారి, వేళ, వెల రాయడం నాకు అలవాటు. ఈసారి అబిడ్స్ దాకానే రాశాను, చిరునామా రాయలేదు. ఆయన అసలు పేరు రాజలింగం కాదు. ఆ పుస్తకంలో ఏమేం గీశాడని అడిగితే చెప్పలేను. మూడు నెలల ముందే వెళ్లి చెప్పి ఉంటే, బహుశా నాకూ చూపించేవాడు.