సగం సంఖ్య

మా చిన్నన్నయ్యకు మనుషుల పేర్లు గుర్తు నిలిచేవి కావు. సొంత మేనమామనే "తమరు ఎవరండీ?" అని అడిగి, వదిన చేత చీవాట్లు తిన్న మనిషి. ఎలక్ట్రానిక్ చిప్పుల దగ్గర మాత్రం ఆ ఇబ్బంది లేదనేవాడు. "పేరు పెట్టే పని లేకుండా, పేరుతోనే పుట్టే పిల్లలురా ఇవి."

జిరాక్సు షాపు మీది రెండు గదుల్లో అతని వర్క్‌షాపు. ఆస్పత్రులకూ వృద్ధాశ్రమాలకూ పిలుపు గంటలు చేసేవాడు. మెడలో వేసుకునే చిన్న పెట్టె అది. మీట నొక్కితే, ఆయాలు కూర్చునే చోట బోర్డు మీద ఆ గది దీపం వెలిగి బజరు మోగుతుంది. ప్రతి పెట్టెలోనూ గోరంత చిప్పు. దాన్ని తయారుచేసినప్పుడే కంపెనీవాళ్ళు లోపల ఒక సంఖ్య చెక్కుతారు. అది చెరిపితే చెరగదు, ఇంకో చిప్పుకు ఉండదు. గుండ్రటి సిలికాన్ బిళ్ళను గళ్ళు గళ్ళుగా కోస్తే చిప్పులొస్తాయట. ఏ బిళ్ళ, అందులో ఏ వరస, ఏ గడి అన్నవన్నీ కలిపితే ఆ సంఖ్య.

అది మరీ పొడుగు. అంతా గాల్లో పంపితే బ్యాటరీ తినేస్తుందని అన్నయ్య వరసా, గడీ మాత్రం ఉంచుకుని బిళ్ళ సంఖ్య కోసేశాడు. అప్పుడు కొన్న చిప్పులన్నీ ఒకే బిళ్ళవి. అన్నీ నొక్కి చూశాడు. ఏ రెండూ కలవలేదు. ఆ సంగతి అంతటితో మరిచిపోయాడు.

కొన్నాళ్ళకు ఒక వృద్ధాశ్రమంలో కింద గది తాతగారి పెట్టె పాడైతే, కొత్తగా కొన్న చిప్పుతో ఇంకోటి చేసి ఇచ్చాడు. బోర్డులో ఆ గది పేరిట ఎక్కించాడు, నొక్కాడు, దీపం వెలిగింది, టీ తాగి వచ్చేశాడు. ఈ చిప్పు వేరే బిళ్ళది. కానీ దాని వరసా గడీ, మేడ మీద ఉండే రిటైరైన లెక్కల టీచరు పెట్టెలోని చిప్పువే. అన్నయ్య కోసుకున్న సగం సంఖ్యలో ఆ రెండూ ఒకటే. ఒక సంఖ్యకు చివర ఎక్కించిన గదినే బోర్డు చూపిస్తుంది. ఇక ఆవిడ నొక్కినా వెలిగేది కింద గది దీపమే. ఆవిడ అయినదానికీ కానిదానికీ పిలిచే రకం కాదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం టీచరు స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది. మీట నొక్కుతూనే ఉంది. సాయంత్రం టీ పట్టుకెళ్ళేదాకా ఎవరూ చూడలేదు. పెట్టెలో నీళ్ళు దూరి, నొక్కి చూద్దామన్నా పనిచెయ్యలేదు. "కింద గది దీపమే వెలిగిందండీ, పోయి చూస్తూనే ఉన్నాను" అని ఆ పూట ఆయా నెత్తీ నోరూ బాదుకుంది. తాతగారిని అడిగితే, ఏ పూట ఎవరొచ్చారో ఆయనకు గుర్తులేదు.

ఆశ్రమం మేనేజరు అన్నయ్యకు ఫోన్ చేసినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఒక గది బదులు ఇంకో గది చూపించే వీలుందా?"

"ఛ, ఎలా చూపిస్తుందండీ? లోకంలో ఏ రెండు చిప్పులకూ ఒకే సంఖ్య ఉండదు."

"అయితే ఆయా అబద్ధమాడుతోందంటారు."

"ఆవిడ సంగతి నాకు తెలీదు. పెట్టె మాత్రం అబద్ధమాడదు."

మర్నాడే ఆయాను పనిలోంచి తీసేశారు.

కొత్త ఆర్డరు కోసం పాత కోడ్ తెరిచిన రోజున అన్నయ్య తాను కోసిన ఆ కోత చూశాడు, ఆ పూట ఏం జరిగిందో అర్థమైంది. చూసి ఏం చేశాడంటే, సర్వీసింగ్ అని చెప్పి ఆశ్రమంలో పెట్టెలన్నింటికీ పూర్తి సంఖ్య ఎక్కించి వచ్చాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇక ముందు ఎవరికీ ఇలా జరగదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆ వేళ నుంచి అతనికి అన్నం సయించలేదు.

"అలా కెలుకుతారేం? ఆ అన్నం మీకేం ద్రోహం చేసింది?" అంది వదిన.

అప్పుడు చెప్పాడు. వదిన తన కంచం పక్కకు జరిపింది.

"పెట్టెలు బాగుచేసొచ్చారు, సరే. పని పోయిన ఆ మనిషి మాటేమిటి?"

"బయటపడితే ఇంకెవరూ ఆర్డరివ్వరే."

"ఇవ్వకపోతే మానె. చూడకుండా సాక్ష్యం చెప్పేటప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా?"

మర్నాడు నన్ను తోడు రమ్మన్నాడు. ఆయా ఒక లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. అన్నయ్య నిలబడే అంతా చెప్పాడు. ఆమె చేతిలో మడత పూర్తి చేసింది.

"అయితే నాకు మతి పోలేదన్నమాట" అంది. "నేనే తప్పు చూశానేమో అనుకుంటున్నానండీ ఇన్నాళ్ళూ. మా ఆయన కూడా, కునుకు తీసుంటావులేవే అన్నాడు."

"మేనేజరుగారితో చెప్తానమ్మా. మళ్ళీ తీసుకుంటారు."

"ఆయన సంగతి తర్వాత. ముందు టీచరమ్మ దగ్గరికి రండి."

ఆశ్రమంలో మేడ మీది గదిలో, ఆయాను చూడగానే మంచం మీది టీచరు గోడవైపు తిరిగింది. అన్నయ్య మంచం కాళ్ళ దగ్గర నిలబడి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. సగం చెప్పేసరికే ఆవిడకు అర్థమైంది.

"ఎందుకు కోశావు నాయనా?"

"బ్యాటరీ ఎక్కువ రోజులొస్తుందనండీ."

ఆవిడ ఆయావైపు చూసింది.

"నేను నొక్కినప్పుడల్లా లేచావా?"

"లేవడమేంటి టీచరమ్మా, ఉరికాను! చివరికి ఆ తాతగారు కసిరారు కూడా, కాసేపు పడుకోనివ్వవా తల్లీ అని."

టీచరుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఎవరూ కదల్లేదనుకున్నానే" అంది, ఆమె చెయ్యి పట్టుకుని. తర్వాత తుంటి నొప్పి గురించీ, కొత్త ఆయా బద్ధకం గురించీ ఇద్దరూ మాటల్లో పడ్డారు. మేమున్నామన్నది మరిచిపోయారు.

మెట్లు దిగుతూ, "నన్ను ఒక్క మాటైనా అనలేదేంరా?" అన్నాడు అన్నయ్య. తిట్టి ఉంటే బాగుండునన్నట్టుంది అతని మొహం.

కింద ఆఫీసుగదిలో మేనేజరు కుర్చీ చూపించాడు. అన్నయ్య కూర్చోలేదు.

"ఆయా చెప్పింది నిజమండీ" అని మొదలుపెట్టాడు.