ఐస్‌క్రీమ్ డబ్బాలో వాల్వ్ సీట్లు

పోయిన వేసవిలో ఇంగ్లండ్‌లో, స్లౌ ఊళ్లోని మా ఇంట్లో జరిగిన సంగతి. మావారు నీళ్లు లేకుండా గాలితోనే ఇంజన్ చల్లబడే పాత ఎయిర్‌కూల్డ్ కారు కొని, అందులో అరిగిపోయిన వాల్వ్ సీట్లు తనే మారుస్తానన్నారు. సీటంటే వాల్వ్ వచ్చి ఆనుకునే లోహపు రింగు. కొత్త రింగు, అది కూర్చోవాల్సిన గుంత కన్నా పిసరంత పెద్దదే!

“పెద్దది చిన్నదాంట్లో ఎలా పడుతుందండీ?” అన్నాను.

“గుంతలున్న ఈ ఇంజన్ హెడ్‌ని అవెన్‌లో వేడిచేస్తే గుంత సాగుద్ది. ఫ్రీజర్‌లో రింగులు ముడుచుకుంటాయి. హెడ్ చల్లారేలోపు వేసెయ్యాలి. లేదంటే రింగు సగంలో ఇరుక్కుని హెడ్ పాడైపోద్ది” అన్నారు.

ఆ వింత చూద్దామని పక్కనే నిలబడ్డాను. బాగా కాలిన హెడ్ బయటికి తీసి, “ఫ్రీజర్‌లో రింగులు పెట్టిన ఐస్‌క్రీమ్ డబ్బా, తొందరగా!” అని అరిచారు. పరుగున తెచ్చి మూత తీస్తే అల్లం వెల్లుల్లి ముద్ద! ఇంకోటి తీస్తే కొబ్బరి కోరు. మా ఫ్రీజర్‌లో అన్నీ ఐస్‌క్రీమ్ డబ్బాలే మరి. మూడోదాంట్లో దొరికాయి. ఆయన పట్టకారుతో వదలగానే రింగులు ఒక్కొక్కటీ టక్కుమని కూర్చున్నాయి.

చల్లారాక వేలితో నెట్టి చూశాను. జిగురూ లేదు, మేకూ లేదు, అయినా ఇసుమంత కదల్లేదు!

ఇప్పుడు ఆ కారులోనే షాపింగ్‌కి వెళ్తున్నాం. నిన్న మా పాపకి ఐస్‌క్రీమ్ తెచ్చాను. మూత తీసేముందు అది డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.